గరుకు చేతుల అధ్యాయం

నేను ఒక మంచి పని చెయ్యబోయి అరడజను మంది బతుకుల మీద వేడినీళ్లు పోసిన వైనం ఇది. మాటవరసకు అనడం లేదు. నిజంగానే పోశాను. గోరువెచ్చగా, పొద్దునా సాయంత్రమూ, కాస్త ఉప్పు కూడా కలిపి. చివరికి ఆ నీళ్లలో ఎవరు మునిగారో మీరే చూస్తారు. ఎల్లారెడ్డిలో మా అత్తగారింట్లో నలుగురు కూడితే చాలు, ఈ సంగతి చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వుతారు. నవ్వుకోనీ. నాకు వాళ్లతో కలిసి నవ్వే ఓపిక లేదు, వాళ్లను ఆపే ఓపికా లేదు. కాకపోతే వాళ్లు చెప్పే తీరులో తప్పంతా నా ఒక్కడిదే అవుతుంది. అందుకని నా వైపు నుంచి కూడా ఒకసారి రాసి పెడితే మంచిదనిపించింది.

నా పేరు గంగాధర్. ఈ ముక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. కామారెడ్డి బస్టాండు దగ్గర జిరాక్స్, టైపు దుకాణం పెట్టిన రోజు నుంచీ నన్ను పేరుతో పిలిచినవాడు లేడు. "జిరాక్స్, ఇటు రా." "జిరాక్స్ చాయ్ తాగుతవా?" మా వీధిలో మంగలిని కూడా రాజన్న అంటారు, నన్ను మాత్రం మిషను పేరుతో పిలుస్తారు. ఈ అలవాటు మొదలుపెట్టింది నా దుకాణానికి ఎదురుగా గల్ఫ్ ఏజెంట్ ఆఫీసు నడిపే పాషా భాయ్. పాస్‌పోర్టు కాగితాల కోసం రోజూ నేనే వాళ్ల ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. అక్కడ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉండేవి. కూర్చో అని ఆయన ఒక్కనాడూ అనలేదు. కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, నేను గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. చెప్పందే కూర్చోవడం నా రక్తంలో లేదు, చెప్పడం ఆయన నోటిలో లేదు. ఏళ్లు అలాగే గడిచాయి.

ఒకసారి అక్కడ నిలబడి ఉండగా పాషా భాయ్ ఫోనులో అరబ్బీలో మాట్లాడుతున్నాడు. ఆయన పదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చిన మనిషి. ఫోను పెట్టేశాక, "ఏమంటున్నరు భాయ్?" అని మర్యాదకే అడిగాను.

"నీకెందుకు జిరాక్స్? అది అరబ్బీ. నీ మిషన్ల వేస్తే వచ్చేది కాదు" అన్నాడు.

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ రోజే నిర్ణయించుకున్నాను, అరబ్బీ నేర్చుకుని తీరాలని.

నాకు ఉర్దూ అక్షరాలు వచ్చు. మా తాత నిజాం కాలంలో ఉర్దూలోనే చదువుకున్నాడు; చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించాడు. ఆ ధైర్యంతో హైదరాబాదు వెళ్లి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలోంచి ఒక అరబ్బీ నిఘంటువు ఏరుకుని తెచ్చుకున్నాను. అరబ్బీ మాటలకు ఉర్దూలో అర్థాలు. వెయ్యేళ్ల నాటి కవుల మాటలట. ఇంటికొచ్చి విప్పి చూస్తే ముందు అట్ట లేదు, వెనక అట్ట లేదు. ముందు పేజీలు చెదలు తిన్నాయి, వెనక పేజీలు ఎవరో మిర్చి బజ్జీలకు చింపారు. పుస్తకం అక్షరాల వరుసలో కాక విషయాల వారీగా కూర్చినది కాబట్టి, ప్రకృతి, పశువులు, తిండి, యుద్ధం అన్నీ పోయి మధ్యలో ఒకే ఒక్క అధ్యాయం నిండుగా మిగిలింది. మనిషి అవయవాల మందం, గరుకుతనం గురించిన అధ్యాయం.

నవ్వకండి. నా పరిస్థితి కాసేపు ఆలోచించండి. ఇంకొకడైతే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేవాడు. నేను అలాంటివాణ్ణి కాను. చేతికి దొరికినదాన్ని చివరిదాకా పట్టుకునే రకం. ఆరు నెలలు కూర్చుని ఆ అధ్యాయమంతా కంఠతా పట్టాను. అరబ్బీలో నీళ్లు కావాలని అడగడం నాకు రాదు. టైమెంతయిందో అడగలేను. కానీ మెడ మందంగా ఉన్నవాడు 'అగ్లబ్', పెదవులు దళసరిగా ఉన్నవాడు 'షఫల్లహ్', పనిచేసి చేసి అరచేతిలో కట్టిన కాయ 'కనబ్', గరుకైనది ఏదైనా 'ఖషిన్'. వేళ్ల మందానికి ఒక మాట, మోచేతి మందానికి ఒక మాట, మడమ పగుళ్లకు ఇంకొక మాట. ఎడారిలో ఎక్కడైనా దారి తప్పితే దాహంతో చస్తాను గానీ, ఎదురొచ్చిన మనిషి ఎక్కడెక్కడ గరుకో వివరంగా చెప్పి మరీ చస్తాను.

"నీ మడమలకు అరబ్బీల మంచి మాట ఉంది తెలుసా?" అని ఒక రాత్రి నా భార్య సరితతో అన్నాను, కొంచెం ముచ్చటగానే.

ఆ రోజు నాకు పచ్చిపులుసుతో సరిపెట్టింది. మరునాడూ అదే పచ్చిపులుసు.

ఆ చదువు మధ్యలోనే నాకు ఒక ఆలోచన తట్టింది. ఈ కథలో అసలు ముల్లు అదే, కాబట్టి జాగ్రత్తగా వినండి. మనకు గరుకు చేతికి ఒకే మాట ఉంది, గరుకు చెయ్యి. వాళ్లకేమో వేలుకొకటి, మడమకొకటి. అంటే ఏమిటి? వాళ్లు మనుషుల చేతులు ఎంత పట్టి పట్టి చూస్తే ఇన్ని మాటలు పుడతాయి? గరుకుతనం అంటే వాళ్లకు ఎంత రోత ఉంటే దానికి ఇన్ని పేర్లు పెట్టి తిట్టుకుంటారు? మనింట్లో కూడా, మనకు నచ్చని చుట్టానికే కదా ఎక్కువ పేర్లు పెడతాం! నాకైతే ఇందులో ఎక్కడా లోటు కనబడలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కనబడదు.

ఇక నా బావమరిది నరేశ్ సంగతికి వస్తాను. సరితకు తమ్ముడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల బావుల్లో పూడిక తియ్యాలన్నా, బండలు పగలగొట్టాలన్నా వాణ్ణే పిలిచేవాళ్లు. మంచివాడు. కాకపోతే వాడి పెళ్లిలో నాకు మటన్ కూరలో మూలుగున్న నల్లి బొక్క వెయ్యకుండా ఉత్త చారు పోసింది వాడి తరఫువాళ్లే. అది వేరే సంగతి. వాడికి గల్ఫ్ పోవాలని చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక. రెండుసార్లు తప్పిపోయింది. ఈసారి కంపెనీ పెట్టిన వయసు హద్దుకు వాడు సరిగ్గా అంచున ఉన్నాడు. మళ్లీ సారి అంటూ లేదు.

"బావా, ఈ తాప పోకుంటే ఇగ జిందగీల పోను" అన్నాడు ఒక రోజు దుకాణానికి వచ్చి. "పాషా భాయ్ చెప్పిండు, కంపెనీ మనిషి గల్ఫ్ నుంచి నేరుగ వస్తుండట. వచ్చే నెల. ఫంక్షన్ హాల్ల చూసి తీసుకుంటడట. నా వైపు ఒక మాట చెప్పు బావా. నీకు అరబ్బీ వస్తది గద?"

నాకు అరబ్బీ వస్తదని నమ్మిన మొట్టమొదటి మనిషి వాడు. నా కళ్లు చెమ్మగిల్లాయి. అదే క్షణంలో వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అది చెయ్యి కాదు. కొబ్బరి పీచు చుట్టిన గడ్డపార. అంతకు ముందు నెలలోనే ఎల్లారెడ్డి ఆధార్ క్యాంపులో వాడి వేలిముద్రలు మిషను మీద పడలేదు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించి, ఆపరేటరు విసుక్కుని, "నూనె రాసుకొని మెత్తగయినంక రా అన్నా" అని పంపించేశాడు.

నాకు అంతా వెలుగులో పెట్టినట్టు కనబడింది. మన ప్రభుత్వం మిషనే ఈ చేతిని పట్టలేదు. ఇన్ని మాటలున్న జాతివాడు పడతాడా?

"నరేశ్, నీ చేతులే నీకు శత్రువులు" అన్నాను.

"ఏంది బావా?"

"నెల రోజులు పని బంద్. గడ్డపార ముట్టద్దు. చేతులు రెండూ పెండ్లికొడుకు చేతులయితయి. జిమ్మా నాది."

వాడు చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "నిజమేనా బావా?"

"పుస్తకంల ఉంది" అన్నాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మరుసటి ఆదివారం ఎల్లారెడ్డి బస్సులో, ఒళ్లో ఆ పుస్తకం పెట్టుకుని వెళుతున్నాను. పక్క సీట్లో వచ్చి కూర్చున్నది మౌల్వీ సాబ్. చాలాకాలం పిల్లలకు అరబ్బీ చెప్పి, వయసు మీదపడి ఇంటిపట్టున ఉంటున్న పెద్దాయన. కొన్నాళ్ల కిందట చాయ్ హోటల్లో నా ఉచ్చారణ విని ముక్కులోంచి నవ్వాడు. నోటితో నవ్వితే క్షమించేవాణ్ణేమో. ముక్కుతో నవ్వాడు.

ఆయన పుస్తకంలోకి తొంగి చూశాడు. "అరె, అగ్లబ్! కనబ్! ఇవి ఎక్కడ దొరికినయ్ బేటా? పాత కవుల మాటలు. ఎందుకు చదువుతున్నవ్?"

"పని ఉంది. గరుకు చేతులకు ఇన్ని తిట్లున్నయి గద" అన్నాను కిటికీ వైపు చూస్తూ.

"ఒక సంగతి చెప్పాలె నీకు. ఇవన్నీ నువ్వనుకున్నట్టు..."

నేను కళ్లు మూసుకున్నాను. నిద్రపోతున్నట్టు తల కూడా వాల్చాను. ఆయన రెండుసార్లు దగ్గాడు, ఒకసారి భుజం మీద వేలితో పొడిచాడు. ముక్కుతో నవ్విన మనిషి దగ్గర పాఠం చెప్పించుకునే ఖర్మ నాకేమిటి? కళ్లు తెరిస్తే ఓడిపోయినట్టే. అలా మూసుకునే ఉండగా ఎల్లారెడ్డి వచ్చింది, పోయింది కూడా. తర్వాతి ఊళ్లో దిగి, ఎండలో ఆటో కోసం నిలబడ్డాను. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

అత్తగారి వాకిట్లో చేతుల వైద్యం మొదలైంది. నరేశ్ ఒక్కడే అనుకుంటే, వార్త పాకి, అదే ఇంటర్వ్యూకు పేరిచ్చినవాళ్లు ఇంకో ఐదుగురు వచ్చి చేరారు. గాంధారి వైపు తండా నుంచి దేవ్లా అనే ఆయన పొద్దున్నే ఆటో ఎక్కి వచ్చేవాడు. గంగాళం నిండా గోరువెచ్చని నీళ్లు, ఉప్పు, కుంకుడు రసం. వాటిలో చేతులు నానబెట్టి వాళ్లంతా గుండ్రంగా కూర్చునేవాళ్లు. నానాక రాయితో రుద్దాలి. రుద్దాక నువ్వుల నూనె పట్టించాలి. పట్టించాక రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు కట్టాలి. పొద్దున వచ్చి పోయేవాళ్లు, "ఏందిరా, చేతులకు గోరింటాకా? పెండ్లి ఎప్పుడు?" అని అడగని రోజు లేదు.

రుద్దడం దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఎవరి చెయ్యి వాళ్లు రుద్దుకుంటే, రుద్దే చెయ్యి మళ్లీ గట్టిపడుతుంది కదా? ఒకరి చెయ్యి ఇంకొకరు రుద్దినా అదే తంటా. ఇంత సూక్ష్మమైన విషయం ఆ వాకిట్లో నాకొక్కడికే తట్టింది.

"నేనే రుద్దుత" అన్నాను.

"అందరియా?" అంది అత్తగారు గడపలోంచి.

"అందరివీ అత్తమ్మ."

"నూనె డబ్బ సగమైంది అల్లుడా. నీ అరబ్బీ ఏమో గని, మా ఇంట్ల పోపుకు సుత నూనె లేదు. ముగ్గురి పెండ్లాలు వచ్చి తిట్టిపోయిండ్రు, నాట్లకు మగోళ్లు చేతులకు కవర్లు కట్టుకొని కూసున్నరని."

"నెల ఓపిక పట్టు అత్తమ్మ. మంచి పేరు వస్తది."

"నాకు వచ్చే పేరు ఇప్పటికే ఊరంత వచ్చింది."

నేను దుకాణం సరితకు అప్పగించి నెలంతా రుద్దాను. పన్నెండు అరచేతులు, పొద్దునా సాయంత్రమూ. రాయి పట్టుకుని పట్టుకుని నా చేతులకు మొదట బొబ్బలు లేచాయి, పగిలాయి, మళ్లీ లేచాయి, ఎండి కాయలు కట్టాయి. అన్నం కలుపుకుంటే మంట. "బావా, చెయ్యి నొస్తుందా?" అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. వాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, "అబ్బ, మైదాపిండి లెక్కుంది!" అని మురిసిపోవడంలో ఉన్నారు. దేవ్లా అయితే తన చెంప మీద తానే రాసుకుని, "నా పోరడు పుట్టినప్పుడు గిట్లనే ఉండె" అన్నాడు.

సరిత మాత్రం ఒక రాత్రి నా చెయ్యి చూసింది. "ఇగో, రోజంత ఆ గలీజ్ పుస్తకం చదివి చదివి ఏం చేసుకుంటున్నవ్ నువ్వు?"

"అరబ్బీల గలీజ్ అంటే మురికి కాదు, మందం" అన్నాను.

"అయితే నీకే పడ్డ మాట" అని అటు తిరిగి పడుకుంది.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. కామారెడ్డిలో పెళ్లిళ్లు లేని రోజు చూసి ఫంక్షన్ హాలు మాట్లాడారు. చుట్టుపక్కల మండలాల నుంచి, అటు బిచ్కుంద నుంచి కూడా జనం. వేదిక మీద, వధూవరులు కూర్చునే పెద్ద ఎర్ర సోఫాలో, కంపెనీ మనిషి కూర్చున్నాడు. ముదీర్ అంటే మేనేజరట, అందరూ అలాగే పిలుస్తున్నారు. నలభై ఏళ్లు ఎండలో పనిచేయించిన ముఖం. పక్కన పాషా భాయ్. కింద కుర్చీలున్నాయి. నేను మా వాళ్ల పక్కన నిలబడ్డాను. మామూలే.

ముదీర్ పద్ధతి చాలా చిన్నది. చదువు అడగలేదు, కాగితం చూడలేదు. మనిషి దగ్గరకు రాగానే చెయ్యి పట్టుకుని, బొటనవేలితో అరచెయ్యి నొక్కి, ఒక మాట అనేవాడు. మనిషి కుడివైపుకో ఎడమవైపుకో వెళ్లేవాడు. బిచ్కుంద వైపు నుంచి వచ్చిన ఒకాయన చెయ్యి మర్రి బెరడులా ఉంది. "పాపం, వీనికి ఎవడు చెప్పలేదు" అని నరేశ్ చెవిలో అన్నాను. ముదీర్ నొక్కి చూసి, తల ఊపి, "జైన్" అన్నాడు. ఆయన నవ్వుతూ కుడివైపుకు వెళ్లాడు.

"బావా, జైన్ అంటే?" అన్నాడు నరేశ్ మెల్లగా.

"ఆ మాట మన అధ్యాయంల లేదు" అన్నాను.

"కుడి దిక్కు పోయినోళ్లకు చాయ్ ఇస్తుండ్రు బావా."

"ఎడమ దిక్కు?"

"ఎడమ దిక్కు గేటుంది."

మావాళ్ల వంతు వచ్చింది. ముందు దేవ్లా. ముదీర్ అరచెయ్యి నొక్కాడు, మళ్లీ నొక్కాడు, రెండో చెయ్యి అడిగాడు, వాసన కూడా చూశాడు. పాషా భాయ్‌తో ఏదో అన్నాడు.

"ఏం పని చేస్తవని అడుగుతుండు" అన్నాడు పాషా భాయ్.

"మట్టి పని సార్. రాళ్లు మోస్త."

"రాళ్లు కాదు, పూలు మోస్తవట. ఆ దిక్కు పో."

తర్వాతివాడు. ఆ తర్వాతివాడు. ఒక్కొక్కరి చెయ్యీ మల్లెమొగ్గలా మెరుస్తోంది, నువ్వుల నూనె వాసన వేదిక దాకా కొడుతోంది, ఒక్కొక్కరూ గేటు వైపు నడుస్తున్నారు. ఐదుగురూ పోయాక ముదీర్ లేచి నిలబడి ఏదో అరిచాడు.

"ఎల్లారెడ్డిల టైలర్లు తప్ప ఎవరు లేరా అంటుండు!" అని పాషా భాయ్ కూడా అరిచాడు.

అప్పుడు నరేశ్ వేదిక ఎక్కాడు. చెయ్యి ముందే చాపాడు. ముదీర్ నొక్కాడు. నరేశ్ ముఖం నేను చూడలేకపోయాను. గభాలున నేనూ వేదిక ఎక్కేశాను.

"భాయ్, వీడు అసలైన పనోడు! నెల కింద చూస్తే బండరాయి లెక్క ఉండె చెయ్యి. నేనే రుద్ది రుద్ది మెత్తగ చేసిన!"

పాషా భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు రుద్దినవా?"

"అందరియి నేనే రుద్దిన."

"ఎందుకు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది, కానీ అక్కడ నిలబడి చెబుతుంటే మొదటిసారి అది నాకే కొంచెం తేడాగా వినిపించింది. పాషా భాయ్ అంతా విని అరబ్బీలో చెప్పాడు. ముదీర్ నా వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగాడు.

"వీళ్ల మీద నీకేమన్న పాత పగ ఉందా అని అడుగుతుండు."

ముదీర్ దుర్మార్గుడేమీ కాదు, అది ఒప్పుకోవాలి. నరేశ్‌కు ఇంకో అవకాశం ఇచ్చాడు. ఫంక్షన్ హాలు వెనక నేల చూపించి, గడ్డపార తెప్పించి, తవ్వమన్నాడు. నరేశ్ లుంగీ ఎగకట్టాడు. బావులు తవ్విన మనిషి, వాడి భుజాలు మరిచిపోలేదు, ఒక్కో పోటుకు గడ్డపార జానెడు దిగుతోంది. ముదీర్ ముఖంలో కళ వచ్చింది. నేను లోలోపలే దేవుళ్లందరికీ మొక్కాను. మోకాలి లోతు కూడా రాకముందే నరేశ్ ఆగాడు. గడ్డపార వదిలేసి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. విప్పించి చూస్తే అరచేతుల్లో తోలు ఉల్లిపొరలా లేచి వేలాడుతోంది. నెల రోజుల నా వైద్యం అది.

"ఏం కాదు బావా" అన్నాడు వాడు. "మళ్ల తవ్వుత."

ఆ మాటకు బదులు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ అప్పు అలాగే ఉండిపోయింది.

ముదీర్ తల అడ్డంగా ఊపాడు. ఇక నాకు మిగిలింది ఒకటే, నా అరబ్బీ. బతిమాలడానికి మాటలు వెతికాను. దయచేసి అనే మాట చెదలు తినేసింది. ఆగండి అనే మాట బజ్జీలకు పోయింది. ఎదురుగా ముదీర్ మెడ కనబడుతోంది, దున్నపోతు మెడంత మెడ. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అగ్లబ్!" అన్నాను.

నన్ను కొడతారనే అనుకున్నాను. కానీ ముదీర్ ముఖం ఇంత వెడల్పు అయింది. పకపకా నవ్వి పాషా భాయ్ భుజం చరిచాడు.

"ఏమంటుండు భాయ్?" అన్నాను.

"సింహాన్ని అట్ల పొగుడుతరట. చిన్నప్పుడు బడిల చదువుకున్నడట, మళ్ల ఇన్నేండ్లకు గీడ విన్నడట" అన్నాడు పాషా భాయ్, మొహం మాడ్చుకుని.

పొగడ్త! నా అధ్యాయంలో తిట్టు అనుకున్న మొదటి మాటే పొగడ్త! ముదీర్ సంతోషంగా చెయ్యి చాపాడు. నేనూ చాపాను. ఆయన పట్టుకున్నాడు. నవ్వు ఆగింది. బొటనవేలితో నొక్కాడు. నా అరచెయ్యి తిప్పి వెలుతురులో పెట్టి చూశాడు. రెండో చెయ్యీ లాక్కున్నాడు. నెలంతా రాయి పట్టిన కాయలు, పగుళ్లు, నల్లగా గట్టిపడిన అంచులు.

"ఖషిన్" అన్నాడు ఆప్యాయంగా. "జైన్! జైన్!"

"ఎల్లారెడ్డి గుంపుల పనోడు వీడొక్కడే అంటుండు. వయసు దాటినా తీసుకుంటడట" అన్నాడు పాషా భాయ్. తర్వాత నా వైపు వంగి, "నువ్వు పోవులే జిరాక్స్. ఫ్యాను కింద కూసునేటోనివి. నీతోని అయితదా?" అన్నాడు.

చూడండి, ఆ మాట అనకపోయి ఉంటే నేను నవ్వేసి ఇంటికి వెళ్లేవాణ్ణి. అన్నాడు. అందరి ముందూ, జిరాక్స్ అని కూడా అన్నాడు.

"పోత" అన్నాను.

అప్పుడు, ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి, సంతకం పెట్టడానికని పాషా భాయ్ నా వైపు ఒక కుర్చీ జరిపాడు. ఎర్ర కుర్చీ. కూర్చున్నాను. ఒక కాలు విరిగి ఉంది.

ఆ తర్వాతి రెండేళ్ల గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఎండ, ఇసుక, మళ్లీ ఎండ. నేను కంఠతా పట్టిన మాటలన్నింటిలో అక్కడ పనికొచ్చింది ఒక్క ఖషిన్ మాత్రమే. ముతక ఇసుకను కూడా అలాగే అంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా తట్ట ఎత్తేది నేనే.

ఇక్కడ నరేశ్ నా దుకాణంలో కూర్చున్నాడు. "ఉత్తగనే ఉన్నడు గద, చూసుకుంటడు" అంది సరిత ఫోనులో. ఆ మెత్తని చేతులతో కంప్యూటరు నేర్చుకున్నాడు. టైపు కొట్టడం నాకంటే వేగమట. గిరాకీ రెండింతలైందట. నేను రుద్దిన ఆ ఆరుగురి ఆధార్ ముద్రలు కూడా మిషను మీద ఒక్క దెబ్బకు పడ్డాయట. ఇవన్నీ నాకు సంతోషం కలిగించాలని సరిత చెప్పేది. వచ్చేవాళ్లు వాణ్ణి నరేశ్ సార్ అంటారని కూడా చెప్పింది. ఫోను పెట్టేశాను.

తిరిగొచ్చింది రెండువేల పద్నాలుగులో. ఎల్లారెడ్డి బస్సెక్కితే పక్క సీట్లో మౌల్వీ సాబ్. అసలేమీ జరగనట్టు, దగ్గి, మాట అందుకున్నాడు.

"ఏం చెప్తున్న నేను? హా. ఇవన్నీ నువ్వనుకున్నట్టు తిట్లు కావు బేటా. సగం పొగడ్తలు. కష్టం చేసిన చెయ్యిని వాళ్లు మెచ్చుకుంటరు. అప్పుడు నువ్వు పండుకున్నవ్."

కళ్లు మూసుకున్నాను. ఈసారి నిజంగానే నిద్ర పట్టింది, ఎల్లారెడ్డి మళ్లీ దాటిపోయింది.

ఇక మిగిలింది ఒకటే. నాకు ఆధార్ లేదు. అప్పట్లో క్యాంపులో కూడా నన్ను జిరాక్స్ అని పిలిచారని లైన్లోంచి వచ్చేశాను. ఇప్పుడు గ్యాసు బండకు కూడా అది కావాలంటున్నారు. ఎల్లారెడ్డి క్యాంపుకే వెళ్లాను. మిషను మీద వేలు పెట్టాను. పడలేదు. ఇంకో వేలు. పడలేదు. పది వేళ్లూ అయ్యాక ఆపరేటరు నిట్టూర్చి, "నూనె రాసుకొని మెత్తగయినంక రా అన్నా" అన్నాడు.

అక్కడి నుంచే సరితకు ఫోనులో సంగతి చెప్పి, అత్తగారింటికి వచ్చేసరికి వాకిట్లో గంగాళం పెట్టి ఉంది. ఆవిరి లేస్తోంది. పక్కన అదే రాయి. సరిత ముందే ఫోను చేసిందన్నమాట. నరేశ్ పీట వేసుకుని, చొక్కా చేతులు మడుచుకుని, చాలా మర్యాదగా అన్నాడు:

"కూసో బావా. నెల రోజులు. జిమ్మా నాది."

అత్తగారు లోపల్నుంచి, "నూనె డబ్బ కొత్తది తెప్పించిన అల్లుడా" అంది, నవ్వు ఆపుకుంటూ.

కూర్చున్నాను. చేతులు నీళ్లలో పెట్టాను. వాడు రాయి అందుకున్నాడు. రుద్దితే రుద్దే చెయ్యి గట్టిపడుతుందన్న సంగతి ఆ వాకిట్లో ఇప్పటికీ నాకొక్కడికే తెలుసు. వాడి చేతులు మళ్లీ బండల్లా మారితే నా దుకాణంలో ఆ కంప్యూటరు ముందు ఎవరు కూర్చుంటారో మీరే ఆలోచించండి. నా కుర్చీ నాకు కావాలి.

"గట్టిగ రుద్దు బామ్మర్ది" అన్నాను. "మొహమాటపడకు."

ఆ గంగాళం సాక్షిగా, ఆ రాయి సాక్షిగా, వాకిట్లో నవ్వుతూ నిలబడ్డ అందరి సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇంకెవరి చెయ్యీ రుద్దను. ఎవరైనా చేతులు చాపి బతిమాలినా సరే, ఆ అధ్యాయంలోని మాటలన్నీ వరసగా చదివి వినిపిస్తాను తప్ప, రాయి మాత్రం ముట్టను.